నోట్సు పంపితే కోర్సు అయిపోదు

తెనాలి స్టేషన్లో రేపల్లె బండి కోసం కూర్చుని ఉన్నాం. నా పక్కనున్న కుర్రాడు బి.కాం. రెండో ఏడాది. చూపు దాదాపుగా లేదు. "మీరు పంపిన నోట్సు నా ఫోను ఎట్టా చదువుతుందో వింటారా సార్" అని టాక్‌బ్యాక్ ఆన్ చేసి నా పీడీఎఫ్ తెరిచాడు. తరుగుదల మీద పదిహేను పేజీలు. డీటీపీ షాపులో దగ్గర కూర్చుని తప్పులు దిద్దించి మరీ చేయించిన నోట్సు. ఫోను గడగడా ఇంగ్లిషు అక్షరాలు చదువుకుంటూ పోయింది. మధ్యమధ్య పర్సెంట్, బ్రాకెట్, డాలర్ అంటోంది. రెండు నిమిషాలు విన్నాను. ఒక్క తెలుగు మాట రాలేదు. "ఇంటికెళ్లాక మా చెల్లెలు చదివి వినిపిస్తుందిలే సార్" అన్నాడు.

ఆ నోట్సు అను ఫాంటులో టైపు చేసింది. అందులో తెర మీద తెలుగు కనపడుతుంది గానీ లోపల ఉండేవి ఇంగ్లిషు అక్షరాల గుర్తులే. కళ్లతో చదివేవాళ్లకు తేడా తెలియదు. ఫోను చదివేది మాత్రం లోపలున్నదాన్నే. అదే నోట్సు యూనికోడ్‌లో ఉండుంటే మొదటి రోజే చదివేది. నన్ను ఎక్కువ బాధపెట్టింది ఫాంటు కూడా కాదు. మూడు నెలల్లో ఆ అబ్బాయిని నేను అడిగిన ప్రశ్న ఒక్కటే: "నోట్సు అందిందా?" అందింది అన్నాడు. అది నిజమే. చదవగలిగావా అని నేను అడగలేదు.

తెనాలి, బాపట్ల, రేపల్లె కాలేజీల్లో పనిచేసే మిత్రులు తరచూ నా దగ్గరకు ఒకే మాటతో వస్తున్నారు. "మీ పేపరు ఆన్‌లైన్లో పెట్టండి, నాక్ వస్తోంది అంటున్నారు. ఎక్కడ మొదలుపెట్టాలి?" వాళ్ల మనసులో మూడు పనులు విడివిడిగా ఉంటాయి. వికలాంగ విద్యార్థులకు అందుబాటు ఒకటి, కాలేజీలకు గుర్తింపు ఇచ్చే నాక్‌కి ఫైళ్లు ఇంకొకటి, పిల్లలతో మాట్లాడటం మరొకటి. మూడోది టైముంటే చేసేదని అనుకుంటారు. నేను తిరగేసి చెబుతాను. పిల్లలతో మాట్లాడటాన్ని సరిగ్గా ప్లాన్ చేసుకుంటే మొదటిదానిలో లోపం ఎక్కడుందో అదే చూపిస్తుంది, రెండోదానికి కావలసిన కాగితాలు దానంతట అవే తయారవుతాయి. ఆ స్టేషన్ బెంచీ మీద ఆలస్యంగా జరిగిన సంభాషణ కోర్సు మొదటివారంలో, తేదీతో సహా నమోదై జరగాలి. మిగతా పనంతా దాని చుట్టూ కట్టుకోవాలి.

మన చేతిలో ఉన్నదెంత?

ముందు హద్దు తెలుసుకుందాం. ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయానికి అఫిలియేట్ అయిన కాలేజీ తన పేరుతో ఆన్‌లైన్ డిగ్రీ మొదలుపెట్టడానికి వీల్లేదు. యూజీసీ 2020 సెప్టెంబరు 4న నోటిఫై చేసిన దూరవిద్య, ఆన్‌లైన్ నిబంధనల ప్రకారం అది అర్హత, అనుమతి పొందిన ఉన్నత విద్యాసంస్థల పని. ఎవరైనా ఏజెంటు వచ్చి "మీ కాలేజీలో ఆన్‌లైన్ డిగ్రీ సెంటరు పెడదాం" అంటే దూరంగా ఉండండి. ఫ్రాంచైజీకి ఆ నిబంధనలు ఒప్పుకోవు.

అయినా మనకు మిగిలినది తక్కువేం కాదు. మన పేపరులో కొంత భాగం ఆన్‌లైన్లో నడపవచ్చు. ముప్పై గంటల సర్టిఫికెట్ కోర్సు మనమే తయారు చేయవచ్చు. కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ వేదిక స్వయంలో కోర్సు చేస్తున్న పిల్లలకు మెంటరుగా ఉండవచ్చు. స్వయం 2017 జులై 9న మొదలైంది. 2021 నిబంధనలతో ఒక సెమిస్టరులో 40 శాతం దాకా కోర్సులు దాని ద్వారా చేసుకోవడానికి విశ్వవిద్యాలయాలు ఒప్పుకోవచ్చు. ఐఐటీ ప్రొఫెసరు పాఠం ఇంగ్లిషులో ఫోనులోకి వస్తుంది. భట్టిప్రోలులో కూర్చున్న పిల్లకు రెండో వారం అసైన్‌మెంటు దగ్గర చిక్కుముడి పడితే విప్పేది ఎవరు? ఆ చోటు మనది. స్థానిక మెంటరు ఉత్సవ విగ్రహంగా ఉంటే ఆ పిల్ల మూడో వారానికి కనపడదు.

ఇప్పుడు గంటల లెక్క చూద్దాం. నా ఉద్దేశంలో ఈ రంగంలో అడుగుపెట్టే ప్రతి లెక్చరరూ గోడకు అంటించుకోవలసిన లెక్క ఇది. 2020 నిబంధనల్లో నాలుగు క్రెడిట్ల ఆన్‌లైన్ కోర్సుకు 12 వారాలు, 120 గంటలు. అందులో ప్రత్యక్షంగా మాట్లాడుకునే లైవ్ క్లాసులు 12 గంటలు. చర్చా వేదిక, మెంటరింగ్ 24 గంటలు. వీడియో పాఠాలు 20, చదువుకునే సామగ్రి 20, సొంతంగా చదవడం, పరీక్షలు కలిపి 44. మనవాళ్లు ఆన్‌లైన్ కోర్సు అనగానే కెమెరా, లైట్లు, ఆకుపచ్చ తెర కొనడానికి పరుగెత్తుతారు. కెమెరా పని 120లో 20 గంటలు. మాష్టారూ విద్యార్థీ ఒకరికొకరు జవాబు చెప్పుకునే పని 36 గంటలు.

ఈ లెక్క ఆన్‌లైన్ డిగ్రీలకు పెట్టింది. మనం చేసే ముప్పై గంటల కోర్సుకు నాలుగో వంతు చేసుకుంటే చక్కగా సరిపోతుంది. లైవ్ 3 గంటలు, చర్చ 6, వీడియో 5, చదివేది 5, సొంత సాధన 11. ప్రిన్సిపాల్ గారి దగ్గరకు వెళ్లేటప్పుడు వీడియోల జాబితా కాకుండా ఈ పట్టిక తీసుకెళ్లండి.

దూరం నుంచి చదువు చెప్పడం మనకు కొత్త కాదు. దేశంలో మొట్టమొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982 ఆగస్టులో హైదరాబాదులోనే పుట్టింది. అప్పటి ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం, ఇప్పటి అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం. దాని తొలి వైస్ ఛాన్సలర్ జి. రామ్‌రెడ్డి గారే ఆ తర్వాత 1985లో ఇగ్నోకు తొలి వైస్ ఛాన్సలర్ అయ్యారు. పుస్తకాలు పోస్టులో వచ్చినా, ఊళ్లలో స్టడీ సెంటర్లు పెట్టి కాంటాక్ట్ క్లాసులు నడిపారు. ఆదివారం పూట టిఫిన్ డబ్బా పట్టుకుని ఆ క్లాసులకు వెళ్లినవాళ్లు మన ఇళ్లలోనే ఉన్నారు. పుస్తకం పంపితే చాలదు, మనిషిని కలవాలి అన్న ఆ తెలివిడిని ఆన్‌లైన్‌కి వచ్చేసరికి మనం పోగొట్టుకున్నామని నాకు అనిపిస్తుంది.

ఏది మాట్లాడటం, ఏది కాదు

ఈ విషయాన్ని చట్టంలో బాగా వివరంగా రాసుకున్న దేశం అమెరికా. అక్కడ కేంద్ర ప్రభుత్వ ఆర్థిక సాయం అందాలంటే దూరవిద్య కోర్సులో అధ్యాపకుడికీ విద్యార్థికీ మధ్య క్రమం తప్పని, సారమున్న సంభాషణ ఉండాలి. లేకపోతే దాన్ని కరెస్పాండెన్స్ కోర్సు కింద జమకడతారు. 2017లో అక్కడి తనిఖీ అధికారులు వెస్టర్న్ గవర్నర్స్ యూనివర్సిటీ ఈ షరతు పాటించలేదంటూ 71 కోట్ల డాలర్లకు పైగా వెనక్కి కట్టించాలని సిఫారసు చేశారు. 2019లో విద్యాశాఖ ఆ సిఫారసును అమలు చేయలేదు గానీ, సంభాషణ అంటే ఏమిటో తేల్చి చెప్పాల్సిన అవసరం అందరికీ అర్థమైంది. 2021 జులై నుంచి అమల్లోకి వచ్చిన నిర్వచనం ఇలా ఉంటుంది: నేరుగా పాఠం చెప్పడం, విద్యార్థి రాసినదాన్ని దిద్దడం లేదా దాని మీద అభిప్రాయం చెప్పడం, పాఠం మీద వచ్చిన సందేహాలకు జవాబివ్వడం, పాఠం మీద బృంద చర్చ నడపడం, గుర్తింపు సంస్థ ఒప్పుకున్న ఇంకో పద్ధతి. వీటిలో కనీసం రెండు ఉండాలి. అవి కూడా ముందే చెప్పిన వేళకు జరగాలి. విద్యార్థి వెనకబడితే మాష్టారే ముందుగా పలకరించాలి.

ఆ చట్టం మనల్ని కట్టడి చేయదు. కానీ కొలబద్దగా వాడుకోవడానికి బాగుంటుంది. గ్రూపులో "గుడ్ మార్నింగ్, ఈరోజు యూనిట్ 3 చూడండి" అని పెట్టడం ఈ లెక్కలో సంభాషణ కాదు. మార్కులు వేసి ఊరుకోవడాన్నీ నేను సంభాషణ అనను. కంప్యూటరు తనంతట తాను దిద్దే క్విజ్ పిల్లలకు సాధనగా పనికొస్తుంది గానీ మన పలకరింపు కిందికి రాదు.

దిద్దడం అంటే ఏమిటో నా పేపరు నుంచే చూపిస్తాను. లెక్క ఇది: అక్టోబరు 1న 1,20,000 రూపాయలకు యంత్రం కొన్నారు. రవాణాకు, బిగింపుకు 6,000 అయింది. సరళ పద్ధతిలో ఏడాదికి 10 శాతం తరుగుదల. మార్చి 31న ఎంత రాయాలి? ఒకమ్మాయి 12,000 అని రాసింది. "తప్పు, సరిచూసుకోండి" అని రాసి మార్కు కొట్టేస్తే అర నిమిషం పని. నేను ఇలా రాశాను: "అమ్మా, శాతం సరిగ్గా తీశావు. రెండు చోట్ల జారావు. యంత్రం పనిచేయడానికి సిద్ధమయ్యేదాకా పెట్టిన ఖర్చంతా దాని ధరలోనే కలుస్తుంది, కాబట్టి 6,000 ఎక్కడికి పోవాలో చూడు. రెండోది, కొన్న తేదీ మళ్లీ చదివి, మార్చి దాకా నెలలు వేళ్ల మీద లెక్కపెట్టు. మళ్లీ చేసి గురువారం లోపు పంపు." ఆమె 6,300 అని పంపింది. కింద ఇంకో ప్రశ్న కూడా రాసింది: "సార్, రిపేరు ఖర్చు కూడా కలపాలా?" ఆ ప్రశ్న వచ్చిందంటే నాకు ఆ వారం పని జరిగినట్టే.

అరవైమందికి ఇలా రాయడం ఎట్లాగని అడుగుతారు. అందరికీ ప్రతివారం అక్కర్లేదు. అరవైమందిని పదిహేనుమంది చొప్పున నాలుగు జట్లు చేయండి. వారానికొక జట్టుకు వివరంగా రాయండి. మనిషికి పది నిమిషాలు వేసుకున్నా రెండున్నర గంటలు. పన్నెండు వారాల్లో ప్రతి ఒక్కరికీ మూడుసార్లు మీ మాట అందుతుంది. మిగతా నలభై అయిదుమందికి ఆ వారం ఎక్కువమంది చేసిన తప్పు మీద మూడు నిమిషాల ఆడియో, దాని పాఠం రాతలో. ఎవరి వంతు ఏ వారమో మొదటిరోజే ప్రకటించాలి. అప్పుడు పిల్లలు ఎదురుచూస్తారు, మీరూ తప్పించుకోలేరు.

చర్చకు పెట్టే ప్రశ్న విషయంలో కొంచెం బుర్ర పెట్టాలి. "తరుగుదల నిర్వచించండి" అంటే అరవై జవాబులూ ఒకేచోట నుంచి కాపీ అవుతాయి. "మీ ఊళ్లో ఒక వ్యాపారం దగ్గరకెళ్లి, అక్కడున్న ఒక వస్తువు ఎన్నాళ్లు పనిచేస్తుందో యజమానిని అడిగి రాయండి" అని పెట్టి చూడండి. బాపట్ల అబ్బాయి జిరాక్స్ మిషన్ గురించి రాశాడు. వేమూరు అమ్మాయి రైస్ మిల్లు గురించి రాసింది. నిజాంపట్నం వైపు కుర్రాడు రొయ్యల చెరువులో తిరిగే ఏరియేటర్ గురించి రాశాడు. ఉప్పునీళ్లలో తిరిగేది మంచినీళ్లలో తిరిగేదానికంటే ముందే పాడవుతుందని వాళ్ల మామయ్య చెప్పాడట. "అయితే రెండింటికీ ఒకే రేటు వేయడం న్యాయమేనా?" అని నేను అడిగిన ప్రశ్న కింద పందొమ్మిది జవాబులు వచ్చాయి. క్లాసురూములో ఎప్పుడూ నోరెత్తని ఇద్దరు కూడా రాశారు.

లైవ్ క్లాసులో లెక్చరు ఇవ్వకండి. లెక్చరు వీడియోలో ఉంది. ఆ గంట లెక్కలు కలిసి చేయడానికి, పేరుపేరునా అడగడానికి. వేళ ఒక్కటే ఉంచండి, మార్చకండి. మన పిల్లల్లో చాలామంది పగలు మందుల షాపులోనో, బట్టల కొట్లోనో, ఆక్వా చెరువుల దగ్గరో ఉంటారు. రాత్రి ఎనిమిదిన్నర నాకు కుదిరిన వేళ. మీ పిల్లల్ని అడిగి మీ వేళ పెట్టుకోండి. కెమెరా ఆన్ చేయమని బలవంతం వద్దు. ఒకే గదిలో నలుగురున్న ఇల్లు ఎవరూ చూపించాలనుకోరు, డేటా కూడా ఊరికే పోతుంది.

ఇక కనపడని పిల్లల సంగతి. వరసగా ఏడు రోజులు లాగిన్ కానివాళ్ల జాబితా సోమవారం పొద్దున తీయండి. వాళ్లకు మెసేజ్ కాదు, ఫోన్ చేయండి. "ఏమ్మా, వారంగా కనపడట్లేదు, ఒంట్లో బాగుందా?" అంతే. అసైన్‌మెంటు మాట ఆ తర్వాత. మన డెల్టాలో నాట్లప్పుడు, కోతలప్పుడు పిల్లలు చేలో ఉంటారు. అది బద్ధకం కాదు, ఇంటి కూలి. కాల్ చేసిన తేదీ, తెలిసిన కారణం, ఇచ్చిన వెసులుబాటు ఒక షీటులో ఒక్క వరసగా రాసుకోండి. ఈ షీటు సంగతి మళ్లీ చెబుతాను.

చదవగలిగేలా చేయడం

చట్టం ముందు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 2017 ఏప్రిల్ 19 నుంచి అమల్లో ఉంది. 1995 చట్టంలో 7గా ఉన్న వైకల్య రకాలు ఇందులో 21 అయ్యాయి. ప్రభుత్వ, ఎయిడెడ్ ఉన్నత విద్యాసంస్థల్లో కనీసం 5 శాతం సీట్లు వాళ్లవి. ఎలక్ట్రానిక్ రూపంలో ఉన్న సమాచారం వాళ్లకు అందేలా ఉండాలని కూడా ఆ చట్టమే చెబుతుంది. యూజీసీ 2022లో ఉన్నత విద్యాసంస్థలకు అందుబాటు మార్గదర్శకాలు ఇచ్చింది. 2024 నవంబరు 8న రాజీవ్ రతూరి కేసులో సుప్రీంకోర్టు, అందుబాటు ప్రమాణాలు సలహాలుగా మిగిలిపోకూడదని, తప్పనిసరిగా పాటించాల్సిన ప్రమాణాలు రూపొందించాలని కేంద్రాన్ని ఆదేశించింది. 2025 ఏప్రిల్ 30న ఇంకో తీర్పులో డిజిటల్ అందుబాటు జీవించే హక్కులో భాగమని చెప్పింది. ఇది ఇకమీద ఎవరి దయ మీదా ఆధారపడే విషయం కాదు.

పనిలోకి వద్దాం. మీ పాత నోట్సు యూనికోడ్‌లో ఉందో లేదో తెలుసుకోవడానికి ఒక తేలిక పరీక్ష ఉంది. ఒక లైను కాపీ చేసి వాట్సాప్‌లో పేస్ట్ చేయండి. తెలుగు పడితే సరే. ఇంగ్లిషు అక్షరాల కిచిడీ పడితే అది పాత ఫాంటు. దాన్ని యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్లు ఉన్నాయి. మార్చాక ఒకసారి చదివి ఒత్తులు సరిచూసుకోవాలి. అందమైన అక్షరాల కోసం పాత ఫాంటును పట్టుకుని వేలాడాల్సిన అవసరం ఇప్పుడు లేదు. సిలికానాంధ్ర చొరవతో వచ్చిన మండలి, గిడుగు, సూరన్న లాంటి యూనికోడ్ ఫాంట్లు ఉచితంగా దొరుకుతున్నాయి. ఇంకో జాగ్రత్త: యూనికోడ్‌లో ఉన్నా తెలుగు పీడీఎఫ్‌లో కొన్నిసార్లు అక్షరాలు చెదురుతాయి. పీడీఎఫ్‌తో పాటు వర్డ్ ఫైలు కూడా పెట్టండి. చేత్తో రాసిన నోట్సు ఫొటోలు మాత్రం వద్దు. ఫోనుకు అది బొమ్మే, అక్షరం కాదు.

వర్డ్‌లో శీర్షికలు లావు అక్షరాలు చేసి వదిలేయకుండా హెడింగ్ స్టైల్ ఇవ్వండి. వినేవాళ్లు ఒక శీర్షిక నుంచి ఇంకో శీర్షికకు దూకేది దాంతోనే. లేకపోతే పదిహేనో పేజీలో లెక్క కోసం పద్నాలుగు పేజీలు వినాలి. బొమ్మ పెడితే అందులో ఏముందో రెండు వాక్యాలు రాయండి. ఎరుపు తప్పు, ఆకుపచ్చ ఒప్పు అని రంగుతోనే చెప్పకండి. పక్కన మాట కూడా ఉంచండి. లేత పసుపు మీద తెల్ల అక్షరాలు ఎండలో బస్టాండులో నిలబడి చూసే ఎవరికీ కనపడవు. అక్షరానికీ వెనక రంగుకూ తేడా కనీసం 4.5:1 ఉండాలన్నది ప్రపంచమంతా వాడుతున్న ప్రమాణం. అది కొలిచి చెప్పే ఉచిత సాధనాలు ఉన్నాయి.

బాపట్లలో వినికిడి లోపమున్న పిల్లలకు ప్రభుత్వ ఆశ్రమ పాఠశాల, జూనియర్ కాలేజీ ఉన్నాయి. అక్కడ ఇంటర్ పూర్తిచేసిన పిల్లలు ఆ తర్వాత రావలసింది మన క్లాసులకే. మన వీడియోకు అక్షరాలు లేకపోతే వాళ్లకు మిగిలేది కదిలే పెదాలు. క్యాప్షన్లకు దగ్గర దారి ఒకటి చెబుతాను. మాట్లాడి, ఆ తర్వాత రాయించుకోవడం కష్టం. ముందే రాసుకుని, దాన్ని చూసి మాట్లాడితే మీ రాతే క్యాప్షన్, అదే నోట్సు. టైపింగు రాకపోతే ఫోను కీబోర్డులో మైకు నొక్కి తెలుగులో చెప్పండి, రాస్తుంది. మిషను రాసినదాన్ని సరిదిద్దకుండా మాత్రం పెట్టకండి. సైగల భాషే మొదటి భాషగా పెరిగిన పిల్లలకు రాత తెలుగు రెండో భాష లాంటిది. వాక్యాలు పొట్టిగా ఉంచండి, కొత్త పదాల పట్టిక ముందే ఇవ్వండి. వీడియోలో "ఇదిగో ఇక్కడ చూడండి, ఇది ఇటు పోతుంది" అనకండి. "డెబిట్ వైపు మొదటి వరస" అనండి. చూపు లేని అబ్బాయికి, బస్సులో చెవిలో పెట్టుకుని వినే అమ్మాయికి, ఇద్దరికీ అర్థమవుతుంది. 2021-22 నుంచి డిగ్రీ ఇంగ్లిషు మీడియమైంది. పల్లె నుంచి తెలుగు మీడియంలో వచ్చిన పిల్లకు కూడా ఆ పదాల పట్టికే ఆసరా.

చివరగా మీ ఫోనులో టాక్‌బ్యాక్ ఆన్ చేయండి. కళ్లు మూసుకుని, మీ కోర్సు తెరిచి, ఒక అసైన్‌మెంటు అప్‌లోడ్ చేయడానికి ప్రయత్నించండి. పావుగంట చాలు, ఎక్కడ పని ఆగిపోతుందో మీకే తెలుస్తుంది. కంప్యూటరుకు ఇదే పని చేసే ఎన్‌వీడీఏ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది, కాలేజీ ల్యాబులో రెండు సిస్టముల్లో వేయించండి.

గాలివాన లెక్క

2023 డిసెంబరు 5న మిచాంగ్ తుఫాను తీరం దాటింది బాపట్ల దగ్గరే. 2024 సెప్టెంబరు మొదట్లో కృష్ణకు వచ్చిన వరద రేపల్లె వైపు లంకలను ముంచింది. ఇక్కడ కోర్సు కట్టేవాళ్లు కరెంటు, నెట్ లేని వారం ఒకటి వస్తుందని ముందే లెక్కలో వేసుకోవాలి. పన్నెండు వారాల్లో ఒకటి కొత్త పాఠం లేకుండా ఖాళీగా ఉంచండి. పది అసైన్‌మెంట్లు ఇచ్చి ఎనిమిదే లెక్కించండి. కారణం అడగకుండా ప్రతివారికీ మూడు రోజుల గడువు రెండుసార్లు ఇవ్వండి. పాఠాలు దించుకుని నెట్ లేకుండా చూసేలా, వీడియో పది నిమిషాలకు మించకుండా ఉంచండి. ఇంట్లో ఎవరో ఆస్పత్రిలో ఉన్నారని, తన జబ్బు ఫలానా అని పిల్లలు మనకు దరఖాస్తు పెట్టుకోవలసిన పరిస్థితి ఇలా చేస్తే చాలావరకు రాదు.

నాక్‌కి ఫైలు

నాక్ పద్ధతి మారే దశలో ఉంది. 2024 జనవరిలో గ్రేడుల బదులు గుర్తింపు ఉందా లేదా అని తేల్చే బైనరీ విధానం ప్రకటించింది. ఏ పద్ధతి వచ్చినా బోధన పక్కకు పోదు. గ్రేడుల మాన్యువల్లో అఫిలియేటెడ్ కాలేజీకి 1000 మార్కుల్లో 350 బోధన, అభ్యసనం, మూల్యాంకనానివే. పైగా విద్యార్థి సంతృప్తి సర్వే నేరుగా పిల్లల ఈమెయిల్‌కే పోతుంది. అక్కడ మనం పక్కనుండి రాయించలేం.

ఆడిట్ ముందు పదిహేను రోజులు రాత్రింబవళ్లు కూర్చుని పాత తేదీలతో కాగితాలు పుట్టించే పని నేను దగ్గర నుంచి చూశాను. మనిషి ఆరోగ్యం పాడవుతుంది, మనసు అంతకంటే ఎక్కువ పాడవుతుంది. దానికి బదులు కోర్సు మొదటిరోజే ఒక ఫోల్డరు తెరవండి. వారానికొకసారి, శుక్రవారం సాయంత్రం అనుకోండి, మూడు నాలుగు వస్తువులు అందులో వేయండి: ఆ వారం లాగిన్ రిపోర్టు, మీరు దిద్దిన రెండు అసైన్‌మెంట్లు పేర్లు తీసేసి, చర్చ కాపీ, ఇందాక చెప్పిన ఫోన్ల షీటు. సెమిస్టరు చివర ఏ ప్రశ్న ఏ కోర్సు ఫలితాన్ని కొలిచిందో చెప్పే పట్టిక కలపండి. ఇంతకంటే పెద్ద సాక్ష్యం ఎవరూ అడగరు. ఎవరికి ఏ వైకల్యం ఉందో పేర్లతో ఫైళ్లలో పెట్టకండి. సంఖ్య చాలు, చేసిన మార్పు ఏమిటో చాలు.

వాట్సాప్ గురించి గట్టిగా చెప్పాలి. అది గంట కొట్టడానికి బాగుంటుంది. పాఠం అక్కడ నడపకండి. ఫోను పోతే మీ ఆరునెలల శ్రమ పోతుంది, ఆడపిల్లల నంబర్లు అందరి చేతుల్లో పడతాయి, చూపించడానికి ఏదీ మిగలదు. గూగుల్ క్లాస్‌రూమ్ గానీ మూడుల్ గానీ వాడండి. ప్రశ్న అక్కడ అడగమనండి. జవాబు 48 గంటల్లో ఇస్తానని మొదటిరోజే రాసి పెట్టండి.

మీ ఉద్యోగం సంగతీ మీరు చూసుకోవాలి. యూజీసీ 2018 నిబంధనల ప్రకారం అసిస్టెంట్ ప్రొఫెసరుకు వారానికి 16 గంటల ప్రత్యక్ష బోధన. లైవ్ క్లాసూ మెంటరింగూ ఆ లెక్కలోకి రావాలని, టైంటేబుల్లో చూపించాలని కోర్సు మొదలయ్యే ముందే రాతపూర్వకంగా అడగండి. గంటకింత అని జీతం తీసుకునే గెస్ట్ లెక్చరర్లకు ఇది మరీ ముఖ్యం. రాత్రి ఎనిమిదిన్నరకు మీరు పెట్టిన గంట కూడా గంటే. అవే నిబంధనల్లో నాలుగు విభాగాలతో నాలుగు క్రెడిట్ల మూక్, అంటే అందరికీ తెరిచి ఉండే ఆన్‌లైన్ కోర్సు, పూర్తిగా తయారుచేసినవారికి 20 పాయింట్లు, ఒక్కో మాడ్యూలుకు 5, కోర్సు కోఆర్డినేటరుకు 8 ఉన్నాయి. ప్రమోషన్ ఫైలులో చాలామంది వీటిని వదిలేస్తున్నారు. వీడియోల మీద హక్కు ఎవరిది, మీరు కాలేజీ మారితే ఏమవుతుంది అన్నది కూడా ముందే తేల్చుకోండి.

ఆ నోట్సు నేను మళ్లీ యూనికోడ్‌లో చేయించి, శీర్షికలు పెట్టి, కోర్సు తెరవడానికి వారం ముందు ఆ అబ్బాయికి పంపాను. ఈసారి అందిందా అని అడగలేదు, మొదటి నుంచి చివరిదాకా విని ఎక్కడ ఆగిందో చెప్పమన్నాను. రెండోరోజు రాత్రి ఫోన్ చేశాడు. "అంతా చదువుతుంది సార్. మూడో పేజీలో ఒకచోట 'చిత్రం' అని ఆగిపోతుంది. అక్కడ ఏముంది సార్?" అది గ్రాఫు. యంత్రం విలువ ఏడాదేడాదికీ ఎలా తగ్గుతుందో చూపించే గీత, ఎడమ పక్క ఎత్తులో మొదలై మెట్లు దిగినట్టు కుడి వైపుకు సమానంగా దిగుతుంది, చివరికి నేలను తాకుతుంది అని చెప్పాను. "ఓహో, అందుకా సరళ పద్ధతి అంటారు" అన్నాడు. ఫోను పెట్టేసి, అతనికి చెప్పిన మాటల్నే ఆ బొమ్మ కింద టైపు చేశాను.